సవర లెక్కలో బీజగణితం

పదమూడు అంటే ఎంత? "ఇదేం ప్రశ్న! పదీ మూడూ కలిస్తే పదమూడు" అంటారు మీరు. నిజమే. తెలుగు మాటలోనే ఆ కూడిక కనిపిస్తోంది. కాని తూర్పు కనుమల్లో ఒక భాష ఉంది. అందులో పదమూడును "పన్నెండు ఒకటి" అంటారు. పంతొమ్మిదిని "పన్నెండు ఏడు" అంటారు. ముప్ఫై తొమ్మిది అనాలంటే "ఒక ఇరవై, పన్నెండు, ఏడు" అనాలి. కూడి చూడండి: 20 + 12 + 7 = 39. సరిపోయింది కదూ!

ఇది సవర భాష లెక్క. చూడటానికి తమాషాగా ఉన్నా దీని వెనక గట్టి గణితం ఉంది. మాటలను ఏ వరుసలో కూర్చాలో చెప్పేది వ్యాకరణం. కూర్చిన మాటకు ఏమిటి విలువ అని చెప్పేది అర్థం. ఈ రెంటినీ బీజగణితంతో పట్టుకోవచ్చునని ఇరవయ్యో శతాబ్దపు గణితవేత్తలు, తార్కికులు చూపించారు. వాళ్ల పద్ధతిని మన కొండల్లోని ఈ లెక్క మీద ప్రయోగించి చూద్దాం.

కొండల్లో ఎన్ని భాషలు!

అరకు లోయలో ఒక సంతలో నిలబడి చెవి ఒగ్గి వినండి. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష, గదబ వినిపించవచ్చు. ఇవన్నీ ఒక కుటుంబానికి చెందినవి కావు. కువి, కొండ భాషలు తెలుగులాగే ద్రావిడ భాషలు. కొండ భాషకే కూబి అని మరో పేరు. భద్రిరాజు కృష్ణమూర్తి దాన్ని పరిశీలించి 1969లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. గదబల్లో ఒక శాఖవారు మాట్లాడే గుతోబ్ మాత్రం ముండా కుటుంబానిది.

అరకు నుంచి ఈశాన్యంగా కొండల వరస పట్టుకుని పోతే, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ప్రాంతంలోనూ, ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లోనూ సవరలు ఉంటారు. వారి భాష కూడా ముండా కుటుంబానిదే. మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజో మీకు తెలుసు: గిడుగు రామమూర్తి పంతులు గారిది. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు నడిపారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

అయినా "అడవిలో మాట్లాడే భాషకు వ్యాకరణం ఏముంటుంది?" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో వాదన ఎందుకు? రుజువు చూపిద్దాం. దానికి మీరు బడిలో నేర్చుకున్న కూడిక, గుణకారం, భిన్నాలు చాలు.

పదమూడు మాటలు చాలు

ముందు సవర అంకెలు వినండి. తెలుగు లిపిలో ఆ ధ్వనులు పూర్తిగా పలకవు. దగ్గరగా రాస్తే ఇలా ఉంటాయి: అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లొయ్, తుడ్రు, గుల్జి, థమ్జి, తింజి, గెల్జి, గెల్‌ముయ్, మిగ్గెల్. ఇవి వరసగా ఒకటి నుంచి పన్నెండు దాకా. పన్నెండు అయ్యాక కొత్త మాట పుట్టదు. మిగ్గెల్ పక్కన ఒకటి పెడితే 13, రెండు పెడితే 14, అలా ఏడు పెడితే 19. ఇరవైకి "కొడి" అనే మాట ఉంది. ఒక కొడి అంటే 20, నాలుగు కొడులంటే 80.

బీజగణితంలో పొడుగు పేర్లకు బదులు అక్షరాలు వాడతాం కదా. ఇక్కడా అంతే. మిగ్గెల్‌కు "మ" అనీ, కొడికి "క" అనీ రాసుకుందాం. మిగిలినవాటికి 1 నుంచి 11 దాకా మామూలు అంకెలే వాడుకుందాం. అంటే మన దగ్గర ఉన్నవి మొత్తం పదమూడు మాటలు. అప్పుడు 39 పేరు "1క మ 7" అవుతుంది. 93 పేరు "4క మ 1": నాలుగు ఇరవైలు ఎనభై, పన్నెండు, ఒకటి. ఫ్రెంచి వాళ్లు కూడా 93ను "నాలుగు ఇరవైలు పదమూడు" అంటారు. కాబట్టి ఇరవైలతో లెక్కించడం మన కొండలకే పరిమితం కాదు.

పక్కన పెట్టడమూ ఒక ప్రక్రియే

రెండు సంఖ్యలను కూడితే మరో సంఖ్య వస్తుంది. అలాగే రెండు మాటల వరసలను పక్కపక్కన పెడితే మరో వరస వస్తుంది. "1క" పక్కన "మ 7" పెడితే "1క మ 7". దీన్ని కూర్పు అందాం. కూడికకు ఉన్న ధర్మాలు కూర్పుకు ఉన్నాయేమో చూద్దాం.

సహచర ధర్మం ఉందా? మూడు ముక్కలున్నాయనుకోండి. మొదటి రెంటినీ ముందు కలిపినా, చివరి రెంటినీ ముందు కలిపినా చివరికి అదే వరస. కాబట్టి ఉంది. తత్సమాంశం ఉందా? ఏమీ పలకకుండా ఊరుకోవడాన్ని "ఖాళీ మాట" అనుకుంటే, దాన్ని దేని పక్కన పెట్టినా మార్పు ఉండదు; కూడికలో సున్న లాంటిది. అదీ ఉంది. మరి స్థిత్యంతర ధర్మం? 3 + 5, 5 + 3 ఒకటే. కాని "4క" అంటే 80, "1క 4" అంటే 24. తెలుగులోనూ అంతే: మూడు వందలు వేరు, నూట మూడు వేరు. వరస మారితే అర్థం మారిపోతుంది. కాబట్టి ఈ ధర్మం లేదు.

సహచర ధర్మం, తత్సమాంశం ఉన్న ఇలాంటి వ్యవస్థను గణితంలో మోనాయిడ్ అంటారు. భాషలన్నిటికీ పునాది ఇదే. ఏ భాషలోని మాటలను తీసుకున్నా వాటి వరసలన్నీ కలిసి ఒక మోనాయిడ్ అవుతాయి. అయితే ఆ వరసల్లో చాలా భాగం చెత్త: "మ మ క 9" లాంటివి. చెత్తలోంచి సరైన వరసలను ఏరి పెట్టే జల్లెడే వ్యాకరణం.

వ్యాకరణం ఒక సమీకరణం

సవర సంఖ్యల వ్యాకరణాన్ని రెండు నియమాల్లో చెప్పవచ్చు.

మొదటిది. చిన్న సంఖ్య అంటే 1 నుంచి 11 దాకా ఒక అంకె, లేదా మ, లేదా మ తరవాత 1 నుంచి 7 దాకా ఒక అంకె.

రెండోది. సంఖ్య అంటే ఒక చిన్న సంఖ్య. లేదా 1 నుంచి 4 దాకా ఒక అంకె, తరవాత క. లేదా ఆ అంకె, తరవాత క, తరవాత ఒక చిన్న సంఖ్య.

నూరు లోపలి లెక్కకు ఇవి చాలు. ఇప్పుడొక చమత్కారం చేద్దాం. నియమాల్లో "లేదా" అన్నచోట + గుర్తు, "తరవాత" అన్నచోట × గుర్తు పెట్టండి. ప్రతి ముక్క స్థానంలో అది ఎన్ని రకాలుగా ఉండవచ్చో ఆ సంఖ్య రాయండి.

చిన్న సంఖ్యలు = 11 + 1 + 1 × 7 = 19
సంఖ్యలు = 19 + 4 × 1 + 4 × 1 × 19 = 19 + 4 + 76 = 99

సరిగ్గా తొంభై తొమ్మిది పేర్లు! ఇవి 1 నుంచి 99 దాకా ఉన్న సంఖ్యల పేర్లే అని ఎలా తెలుస్తుంది? నూరు లోపు ఏ సంఖ్యనైనా 20తో భాగించండి. భాగఫలం 0 నుంచి 4 లోపు ఉంటుంది. శేషం 0 నుంచి 19 లోపు ఉంటుంది. భాగఫలాన్ని క ముందు పెట్టండి, శేషాన్ని చిన్న సంఖ్యగా తరవాత పెట్టండి. భాగఫలం సున్న అయితే క భాగం వదిలేయండి. శేషం సున్న అయితే చివరి భాగం వదిలేయండి. కాబట్టి ప్రతి సంఖ్యకూ ఒక పేరుంది, ఒకే ఒక్క పేరుంది. ఏ సంఖ్యా పేరు లేకుండా మిగలలేదు, ఏ సంఖ్యకూ రెండు పేర్లు రాలేదు.

మ తరవాత ఏడు దగ్గరే ఎందుకు ఆగాలో ఇప్పుడు తెలిసిందా? ఎనిమిది పెట్టనిస్తే "మ 8" కూడా ఇరవై అవుతుంది, "1క" కూడా ఇరవై అవుతుంది. ఇరవైకి రెండు పేర్లు వచ్చి పడతాయి. పుస్తకం చూసి నేర్చుకోని వాళ్ల నోట కూడా ఈ హద్దు తప్పలేదు. వ్యాకరణం లేదనేవాళ్లకు ఇంతకంటె రుజువు ఏం కావాలి?

వ్యాకరణ నియమాలను ఇలా బీజగణిత సమీకరణాల్లా చూడవచ్చునని నోమ్ చామ్‌స్కీ అనే అమెరికన్ భాషావేత్త, షుట్సెన్‌బర్జే అనే ఫ్రెంచి గణితవేత్త కలిసి 1963లో రాశారు. కంప్యూటర్ భాషల నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి అది ఎంతో పనికివచ్చింది.

భిన్నాల్లా కొట్టివేత

ఒక వరస సరైనదో కాదో తేల్చడానికి మరో దారి కూడా ఉంది. 3/5 ను 5తో గుణిస్తే ఏం చేస్తారు? కింది 5నూ పక్కనున్న 5నూ కొట్టేస్తారు, 3 మిగులుతుంది. 1935లో అజ్దుకేవిచ్ అనే పోలిష్ తార్కికుడికి, మాటల విషయంలోనూ ఇలా చేయవచ్చుననే ఆలోచన వచ్చింది. 1953లో బార్-హిల్లెల్ దాన్ని పెంచాడు. 1958లో మాంట్రియల్‌లో పనిచేస్తున్న లాంబెక్ అనే గణితవేత్త దానికి నిండు బీజగణిత రూపం ఇచ్చాడు.

వారి పద్ధతి ఇది. ప్రతి మాట మెడలో ఒక చీటీ వేలాడదీయాలి. కొన్ని మాటలు తమంత తాము పూర్తి. కొన్నిటికి పక్కన మరొకటి కావాలి. పెళ్లిపందిట్లో పీటలు ఒకచోట, కలశం ఒకచోట ఉండాలన్నట్టు, ఏ పక్కన ఏది కావాలో చీటీ మీద రాసి ఉంటుంది. చిన్న సంఖ్యకు "చి" అనీ, క ముందు వచ్చే గుణకానికి "గు" అనీ, మ తరవాత వచ్చే శేషానికి "శే" అనీ, పూర్తి సంఖ్యకు "సం" అనీ గుర్తులు పెట్టుకుందాం.

మ చీటీ మీద "చి/శే" అని ఉంటుంది. అంటే "నా కుడివైపు ఒక శే ఇవ్వండి, నేను చి అవుతాను" అని. 7 చీటీ మీద "శే" ఉంటుంది. రెంటినీ పక్కన పెట్టండి: చి/శే, శే. శే, శే కొట్టుకుపోయి చి మిగిలింది. కాబట్టి "మ 7" సరైన చిన్న సంఖ్య. "7 మ" అంటే? మకు కావలసింది కుడివైపు. ఎడమవైపు ఏముంటే దానికేం? కొట్టివేత జరగదు. ఆ వరస తప్పు. మామూలు భిన్నాలకు కుడి ఎడమల తేడా లేదు. మాటలకు ఉంది. అందుకే లాంబెక్ కుడివైపు భాగహారం వేరు, ఎడమవైపు భాగహారం వేరు అన్నాడు.

క సంగతి చూడండి. దానికి ఎడమవైపు గు కావాలి, కుడివైపు చి కావాలి. రెండూ దొరికితే సం అవుతుంది. ఎడమవైపు కోరికను గీత అటు వంచి "గు\సం/చి" అని రాద్దాం. ఒక్కొక్క మాటకు రెండు మూడు చీటీలున్నా తప్పులేదు. 4 అన్నది ఒకచోట గుణకం, మరోచోట శేషం కావచ్చు. క వెనక ఏమీ రాకపోతే "గు\సం" అనే చీటీ వాడాలి. మ వెనక ఏమీ రాకపోతే "చి" అనే చీటీ వాడాలి. చి ఒంటరిగా ఉంటే అదే సం.

ఇప్పుడు "4క మ 1" ను పరీక్షిద్దాం. చీటీలు వరసగా: గు, గు\సం/చి, చి/శే, శే. చివరి రెంటిలో శే కొట్టేస్తే చి మిగిలింది. మొదటి రెంటిలో గు కొట్టేస్తే సం/చి మిగిలింది. సం/చి పక్కన చి ఉంది. దాన్నీ కొట్టేయండి. మిగిలింది సం. పరీక్ష పాసయింది! వేరే చీటీలు మార్చి చూడండి. ఎప్పుడూ ఏదో ఒక ముక్క మిగిలిపోతుంది.

అర్థం అడుగులో అడుగేసి నడుస్తుంది

ఇంతవరకు రూపం మాత్రమే చూశాం. అర్థం ఎక్కడుంది? చీటీ వెనకవైపు. మ చీటీ వెనక "కుడివైపు వచ్చినదానికి 12 కలుపు" అని రాయండి. క చీటీ వెనక "ఎడమవైపు వచ్చినదాన్ని 20తో గుణించి, కుడివైపు వచ్చినదాన్ని కలుపు" అని రాయండి. ముందువైపు ఒక కొట్టివేత జరిగినప్పుడల్లా వెనకవైపు ఒక లెక్క జరుగుతుంది. "మ 1" కలిసినప్పుడు 12 + 1 = 13. "4క" కలిసినప్పుడు 4 × 20 = 80. చివరి కొట్టివేతలో 80 + 13 = 93. వ్యాకరణ పరీక్ష ముగిసేసరికి అర్థం కూడా చేతికొచ్చింది.

గణితంలో దీనికో పేరుంది: సమరూపత. మీకు తెలిసిన ఉదాహరణ సరి, బేసి సంఖ్యలు. 7కు 4 కలిపి 11 బేసి అని చెప్పవచ్చు. లేదా కూడకుండానే "బేసి, సరి కలిస్తే బేసి" అని చెప్పవచ్చు. ముందు కలిపి తరవాత గుణం చూసినా, ముందు గుణాలు చూసి తరవాత కలిపినా జవాబు ఒకటే. భాషలోనూ అంతే: మాటలను కూర్చి మొత్తం అర్థం చూసినా, విడి అర్థాలను చూసి తగిన ప్రక్రియతో కలిపినా ఒకే చోటికి చేరతాం. వాక్యనిర్మాణం ఒక బీజగణితం, అర్థం మరొక బీజగణితం, మొదటిదాన్నుంచి రెండోదానికి సమరూపతే వంతెన అని రిచర్డ్ మాంటేగ్ అనే అమెరికన్ తార్కికుడు 1970లో ప్రకటించాడు.

ఎన్నడూ వినని మాట వినగానే మనకు ఎలా అర్థమవుతుందన్న ప్రశ్నకు ఇందులో జవాబుంది. 93 పేరు ఎవరూ మీకు విడిగా నేర్పక్కర్లేదు. ముక్కలు తెలుసు, కూర్పు నియమాలు తెలుసు. అంతే చాలు.

పలుకు వేరు, రాత వేరు

మరొక విశేషం చూడండి. 1936లో మంగేయి గొమాంగొ అనే ఆయన సవర భాష కోసం సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది కాబట్టి కంప్యూటర్లలోనూ వాడుకోవచ్చు. ఆ లిపిలో సున్న నుంచి తొమ్మిది దాకా పది అంకెలున్నాయి. అంటే రాసేటప్పుడు 39 లో మూడు పదులు, తొమ్మిది. పలికేటప్పుడు ఒక ఇరవై, పన్నెండు, ఏడు. రెండు వ్యాకరణాలు, రెండు దారులు. చేరేది మాత్రం ఒకే సంఖ్యకు.

ఇక్కడే బడి సంగతి వస్తుంది. "మ 7" ను మాటకు మాట తెలుగు చేస్తే "పన్నెండు ఏడు" అవుతుంది. అది తెలుగు కాదు. సరైన దారి ఏమిటంటే, సవర పేరునుంచి అర్థానికి వెళ్లాలి. ఆ అర్థం నుంచి తెలుగు పేరుకు రావాలి. వంతెన దాటకుండా పక్కకు దూకకూడదు. ఒకటో తరగతి సవర పిల్ల పంతొమ్మిది పుల్లలను పన్నెండు ఒక కట్ట, ఏడు విడిగా పెట్టిందనుకోండి. అది తప్పు లెక్క కాదు, మరో సరైన లెక్క. ఆ సంగతి తెలిసిన టీచరు కట్టలోంచి రెండు పుల్లలు తీసి ఏడులో కలిపిస్తారు. పదీ, తొమ్మిదీ అయ్యాయి! తెలియని టీచరు తప్పు అనేస్తే ఆ పిల్ల లెక్కలకే దూరం కావచ్చు. ఇలాంటి పిల్లల కోసమే 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది.

మీ వంతు

ఇవి చేసి చూడండి.

1. "2క మ 5" విలువ ఎంత?
2. 76 కు సవర పద్ధతిలో పేరు కట్టండి.
3. "మ 2 క 3" సరైన పేరేనా? చీటీలతో తేల్చండి.
4. మ తరవాత 7 దాకానే కాక 11 దాకా ఏ అంకైనా రావచ్చునని నియమం మారిస్తే మొత్తం ఎన్ని పేర్లు తయారవుతాయి? వాటిలో ఎన్ని సంఖ్యలకు రెండేసి పేర్లు వస్తాయి?

ఇవి అయ్యాక, మీ ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా సరే, అందులో 1 నుంచి 99 దాకా పేర్లు రాసి, నియమాలు కట్టి, "లేదా"కు +, "తరవాత"కు × పెట్టి లెక్క చూడండి. తెలుగుతో మొదలుపెడితే పదకొండు, పన్నెండు, తొంభై దగ్గర కాస్త తల గోక్కోవలసి వస్తుంది!

జవాబులు: 1. 57. 2. 3క మ 4. 3. కాదు, "2క3" సం అవుతుంది గాని ముందున్న మ మిగిలిపోతుంది. "మ 2" చి అవుతుంది గాని క అడిగేది గు. 4. చిన్న సంఖ్యలు 11 + 1 + 11 = 23; మొత్తం పేర్లు 23 + 4 + 4 × 23 = 119. విలువలు మాత్రం 1 నుంచి 103 దాకానే. కాబట్టి 16 సంఖ్యలకు రెండేసి పేర్లు: 20-23, 40-43, 60-63, 80-83.